మాటలో దాగిన లంక

ఏలూరు పట్టణమునకు దక్షిణమున, కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ నున్న పల్లమునందు కొల్లేరు సరస్సు వ్యాపించియున్నది. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏఱులు దానిలో కలియును. నిండిన నీరు ఉప్పుటేరు అను ఒకే మార్గమున సుమారు 60 కిలోమీటర్లు సాగి బంగాళాఖాతమును చేరును. నీరు వచ్చు దారులు పెక్కు. పోవు దారి యొక్కటి. అందుచేత ఎగువన పెద్ద వానలు కురిసినప్పుడెల్ల సరస్సు పొంగి, మెరకలమీద వెలసిన లంక గ్రామముల త్రోవలను ముంచుచుండును.

2024 సెప్టెంబరు తొలి దినములలో అట్లే జరిగెను. బుడమేరునకు గండ్లు పడి విజయవాడలో చాల భాగము జలమయమయ్యెను. ఆ నీరు క్రమముగా కొల్లేటికి దిగివచ్చెను. లంకల రోడ్లు మునిగెను. ఏలూరిలో ఒక ఉన్నత పాఠశాలయందు ఎనిమిదవ తరగతి చదువుచు వసతిగృహమున నుండు ఒక లంక గ్రామపు బాలుడు ఆ వారము ఇంటికి పోలేకపోయెను.

ఆ దినములలోనే ఒకనాడు ఆంగ్లోపాధ్యాయులు సెలవుపెట్టగా, తెలుగు పంతులుగారు ఆ తరగతికి వచ్చిరి. పిల్లలను ఊరక కూర్చుండబెట్టుట కిష్టపడక, వారి ఆంగ్ల వాచకమునుండి ఒక వాక్యమును నల్లబల్లపై వ్రాసి, తెలుగు చేయుడనిరి. వరదలు వచ్చినప్పుడు ఒక గ్రామము ‘ఐసొలేటెడ్’ అగునని ఆ వాక్యమునకు సారము. ఒకడు ‘ఏకాంత గ్రామము’ అనెను. మఱియొకడు ‘ఒంటరి గ్రామము’ అనెను. ముందువరుసలోని చుఱుకైన విద్యార్థి లేచి, ‘వెలివేయబడిన గ్రామము’ అని ధైర్యముగా చెప్పెను.

తరగతిలో కొందరు నవ్విరి. అందరి చూపులును వెనుక బల్లమీది లంక బాలునివైపు తిరిగెను. వాడు లేచి నిలువబడెను.

“మా ఊరిని ఎవరూ వెలివేయలేదండీ మాస్టారూ. నీళ్లు వచ్చాయి. అంతే.”

“మంచిది నాయనా. అట్లయిన నీవే మంచి మాట చెప్పుము.”

వాడు కొంతసేపు తలవంచుకొని యుండి, మాటకు బదులుగా ఒక సంగతి చెప్పెను. 2021వ సంవత్సరపు వేసవిలో వాని తండ్రికి కరోనా జ్వరము సోకినదట. వైద్యుని సలహాపై అతడు ఊరికి వెలుపల చేపల చెరువు గట్టుమీది పాకలో 14 దినములు ఉండెనట. మొదటి మూడు దినములు ఆ కుటుంబమువైపు ఎవరును తొంగిచూడలేదు. దుకాణదారుడు వారికి ఉప్పు కూడ అమ్మలేదు. నాలుగవనాడు చుట్టమైనను కాని యొక ముసలమ్మ చేపల పులుసు, అన్నము తెచ్చి గట్టు చివరనుంచి, దూరముగా నిలిచి, “అబ్బాయ్, గట్టుమీద పెట్టాను, వేడిగా ఉండగానే తిను” అని కేకవేసెను. ఆ పిమ్మట దినమునకొక ఇంటినుండి అన్నము వచ్చెను.

“పాక అదేనండీ, దూరమూ అంతేనండీ. కాని మా నాన్న ఇప్పటికీ ఏమంటాడంటే, మొదటి మూడు రోజులూ వెలి అట. తరువాతనే ఐసొలేషన్ అట.”

గంట మ్రోగెను. పంతులుగారు బల్లమీది వాక్యమును తుడువలేదు. “దీనికి రేపు సమాధానము చెప్పుకొందము” అని మాత్రమే పలికి వెడలిపోయిరి.

పంతులుగారి నివాసము తాడేపల్లిగూడెము. ఆ సాయంకాలము ఏలూరిలో రైలెక్కి కిటికీచెంత కూర్చుండి, ఆ మాటనే తలపోయసాగిరి. బండికి శక్తినిచ్చు తీగలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహించుచుండును. ఆ తీగకును స్తంభమునకును నడుమ పింగాణీ బిళ్లల వరుసలు కనబడెను. విద్యుత్తు తీగనుండి స్తంభములోనికి దిగి భూమిని చేరకుండ అవి అడ్డుకొనును. వానిని ‘ఇన్సులేటర్లు’ అందురు. ఐనను ఆ తీగ బరువును మోయుచున్నవియు ఆ బిళ్లలే. అవి వేఱుచేయుచున్నవి, మోయుచును ఉన్నవి. గట్టు చివర అన్నముంచిన ముసలమ్మ చేసినదియు ఇట్టి పనియే గదా యని ఆయనకు తోచెను. భీమడోలు దాటువఱకు ఆ బిళ్లలను చూచుచునే యుండిరి. ఇంటికి చేరినవెంటనే నిఘంటువులు ముందిడుకొని కూర్చుండిరి.

మఱునాడు తెలుగు గంటలో ఆయన ఆ మాట పుట్టుపూర్వములను విద్యార్థులకు విప్పి చెప్పిరి.

లాటిను భాషలో ‘ఇన్సుల’ యనగా ద్వీపము. రోము నగరమున చుట్టును వీధులుండి విడిగా నిలిచిన అంతస్తుల భవనములకు కూడ ఆ పేరే యుండెడిది. ఇన్సుల ఇటలీ భాషలో ‘ఇసోల’ అయ్యెను. ద్వీపమువలె విడిచేయబడినదానిని ఆ భాషలో ‘ఇసొలాతొ’ అనిరి. ఫ్రెంచివారు దానిని ‘ఇసొలే’గా మార్చుకొనిరి. వారినుండి 18వ శతాబ్దమున ఆంగ్లేయులు గ్రహించి ‘ఐసొలేటెడ్’ అనిరి. పిదప ‘ఐసొలేషన్’ వచ్చెను. కావున ఈ మాట కడుపులో ఒక దీవి కలదు. దీనిని మొట్టమొదట పలికినవారి యూహలో నున్నది చుట్టును నీరుగల ఒక నేల, వెలి కాదు.

ఇన్సుల సంతతి ఇంకను కలదు. మూడువైపుల నీరుండి ఇంచుమించు ద్వీపమైన భూమి ‘పెనిన్సుల’. మన దక్షిణ భారతము అట్టిది. తన దీవి దాటి లోకమెఱుగని సంకుచిత బుద్ధిని ‘ఇన్సులర్’ అందురు. వింత యేమనగా, చిన్న తరగతినుండి పిల్లలు వల్లించు ‘ఐలాండు’ అను మాట మాత్రము ఈ కుటుంబములోనిది కాదు. అది అచ్చమైన ప్రాచీనాంగ్ల పదము. పూర్వము దానిలో ‘ఎస్’ అను అక్షరము లేదు. లాటిను చుట్టమని పొరపాటుపడిన పండితులు ఆ యక్షరమును నడుమ చేర్చిరి. పిల్లలు నేటికిని దానిని వ్రాయుచున్నారు; పలుకుట మాత్రము లేదు.

ఐసొలేషన్ అను మాట పలుతావుల పలు పనులు చేయుచున్నది. తాడేపల్లిగూడెము పరిసరములందలి రైతు వరి విత్తనము పెంచునప్పుడు, ఆ మడికిని వేఱొక రకపు వరిమడికిని నడుమ 3 మీటర్ల ఎడము విడువవలెనని విత్తన ధ్రువీకరణ నియమము. ఆ ఎడమునకును ఇదియే పేరు. విత్తనము కల్తీకాక, మఱుసటి యేడు పలువురి పొలములకు చేరుటకే ఆ ఎడము.

రసాయన శాస్త్రమున ఒక ద్రవ్యమును తక్కినవానినుండి వేఱుపఱచి శుద్ధముగా తీయుటయు ఐసొలేషనే. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి పరిశోధించి, కండరములనుండి ఏటీపీ యను పదార్థమును వేఱుచేసి 1929లో లోకమునకు తెలిపిరి. జీవకణముల పనులకు శక్తిని అందించునది అదియే. ఆ మహనీయుడు 1948లో మరణించువఱకు స్వదేశమునకు మరలి రాలేదు. దేశమునకు దూరమైనను ఆయన కృషి మనుష్యులందరికిని చేరువయ్యెను.

ఈ కుటుంబములో మిక్కిలి యాశ్చర్యకరమైన మాట వేఱొకటి కలదు. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అను జర్మను విద్యార్థి క్లోమమును సూక్ష్మదర్శినితో పరీక్షించుచు, తక్కిన కణములకంటె భిన్నమైన కణముల గుంపులు అక్కడక్కడ విడివిడిగా నుండుట చూచెను. అవి సముద్రములో దీవులవలె నుండుటచే తరువాతివారు వానికి ఆతని పేరుతో దీవులని పేరిడిరి. 1921లో కెనడాలోని టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అను పరిశోధకులు ఆ దీవులలో పుట్టు రసమును వేఱుచేయగలిగిరి. 1922 జనవరిలో దానిని మధుమేహముతో కృశించుచున్న 14 ఏండ్ల బాలునికిచ్చి అతని ప్రాణము నిలిపిరి. దీవిలో పుట్టినదగుటచే దానికి ‘ఇన్సులిన్’ అని పేరు. ఆ దీవులు మిక్కిలి చిన్నవి. ఐనను అవి తమ రసమును నెత్తురులోనికి పంపుచుండుటచేతనే శరీరమంతయు నిలిచియున్నది. లంకలో పట్టిన చేప దూరనగరముల సంతలను చేరుటయు ఇట్టిదే.

“మఱి రోగిని వేఱుగా నుంచుట యెట్టిదండీ?” అని ఒక బాలిక ప్రశ్నించెను.

అది మిక్కిలి పాత పద్ధతి. 1377లో ఆడ్రియాటిక్ సముద్రతీరమునందలి రగూసా నగరమువారు, మహమ్మారి గల ప్రాంతములనుండి వచ్చినవారు 30 దినములు ఊరికి వెలుపల ఆగవలెనని శాసించిరి. తరువాత ఆ గడువు 40 దినములయ్యెను. నలుబది యను అర్థముగల వెనీసు పలుకునుండియే ‘క్వారంటైన్’ అను మాట వచ్చినది. రోగము సోకని వారిని, సోకినదేమోయను శంకచే కొన్నాళ్లు ఆపుట క్వారంటైన్. రోగము సోకినవానిని విడిగా నుంచుట ఐసొలేషన్. రెంటికిని గడువు కలదు. తెలుగు పల్లెలలో ఆటలమ్మ సోకిన బిడ్డను విడిగా పరుండబెట్టి, గుమ్మమునకు వేపమండలు కట్టుట నేటికిని కలదు. తల్లి మాత్రము ఆ బిడ్డను విడువదు. పొక్కులు మాని తలకు నీళ్లు పోసిననాడు వేపమండలు తీసివేయుదురు.

వెలి యట్టిది కాదు. వెలివేయబడినవానికి నిప్పు, నీరు, పలుకు నిరాకరింపబడును. మన పల్లెలలో ‘వెలివాడ’ యని పిలువబడిన తావులు కలవు. ఆ వాడలకును ఊరికిని నడుమ ఏరు లేదు, కొల్లేరు లేదు, పిలుపు దూరమే. ఐనను లంకకు దోనె పోయెడిది గాని, ఆ వాడలోని వారికి ఊరి బావి దగ్గఱకు దారి లేదు. ఆ యెడబాటు తండ్రినుండి కొడుకునకు, కొడుకునుండి మనుమనికి సాగెను. 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన 17వ అధికరణమున అంటరానితనమును రద్దుచేసి, దానిని పాటించుట నేరమని చాటినది. ఒక మాటను తేలికగా వాడుటకు ముందు, దాని వెనుక ఎందరి దుఃఖము కలదో ఎఱుగవలెనని చెప్పి పంతులుగారు ముందువరుసవైపు చూచిరి. ఆ చుఱుకైన విద్యార్థి తలవంచుకొనెను. ఆయన వానిని మందలింపలేదు.

అనంతరము ఆయన బల్లపై మూడు ప్రశ్నలు వ్రాసిరి. ఈ ఎడము ఎవరి మేలుకొఱకు? దీనికి గడువు కలదా? ఇవతలివారి చేయి అవతలివారికి అందుచున్నదా? ఇన్సులేటరును, విత్తనపు మడిని, ఆటలమ్మ సోకిన బిడ్డను, వెలివాడను ఒక్కొక్కటిగా ఈ ప్రశ్నల యెదుట నిలిపి విద్యార్థులచేతనే సమాధానములు చెప్పించిరి. చివరకు చెరువు గట్టుమీది పాక వంతు వచ్చెను. మేలుకొఱకే యని అందరు అనిరి. గడువు 14 దినములు. మూడవ ప్రశ్నకు మాత్రము మొదటి మూడు దినములలో ఒక సమాధానము, నాలుగవ దినమునుండి వేఱొక సమాధానము వచ్చెను. లంక బాలుని తండ్రి నిఘంటువు చూచినవాడు కాడు. ఐనను ఆ భేదమును ఆయన అందరికంటె ముందే కనిపెట్టెను. 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు కూడ ‘సామాజిక దూరము’ అను మాటకంటె ‘భౌతిక దూరము’ అను మాట మేలని చెప్పిరి. దేహములు దూరముగా నుండవచ్చును; మనుష్యులు మాత్రము ఒకరికొకరు దూరము కారాదని వారి భావము.

“ఐతే తెలుగున ఒక్క మాట లేదాండీ?” అని మఱియొకడు అడిగెను.

ఒక్క మాట లేకుండుట కొఱత కాదని పంతులుగారు చెప్పిరి. తనకుతానై కోరి విడిగా నుండుట ఏకాంతము. కోరకయే తోడు లేకుండుట ఒంటరితనము. దిక్కులేక మిగిలినవాడు ఏకాకి. పదిమంది కూడి ఒకని త్రోసివేయుట వెలి. మేలుకొఱకు కొంతకాలము విడిగా నుంచుట ఎడముగా నుంచుట. ఆంగ్లమున ఐసొలేషన్ అను ఒక్క మాట సందర్భమునుబట్టి ఈ యర్థములలో పెక్కింటిని మోయవలసియున్నది. తెలుగు చేయువాడు మాత్రము ముందుగా అచ్చట ఏమి జరిగినదో చూచి, పిదప మాట నెన్నుకొనవలెను. చూడక మాట నెన్నుకొన్నచో నీరు చేసిన పనిని మనుష్యులకును, మనుష్యులు చేసిన పనిని నీటికిని అంటగట్టినట్లగును.

అప్పుడాయన సుద్దముక్క తీసికొని ‘ద్వీపము’, ‘సమీపము’ అను రెండు పదములు ఒకదానిక్రింద నొకటి వ్రాసిరి. సంస్కృతమున ‘అప్’ అనగా నీరు. రెండువైపుల నీరు గలది ద్వీపము. ‘సమ్’ అను ఉపసర్గకు అదే ‘అప్’ చేరగా సమీపము ఏర్పడెను. ఈ రెంటిని సాధించు పాణిని సూత్రము ఒక్కటియే. దీవి యను మాటయు, చేరువ యను మాటయు ఒకే నీటినుండి పుట్టినవని తెలిసి విద్యార్థులు విస్మయము చెందిరి. లంకవారికి ఇందులో వింత లేదు. కొల్లేటివారు తాటి దోనెలపై పొరుగూళ్లకు, సంతకు, పెండ్లికి పోయి వచ్చెడివారు. నీరు వారికి గోడ కాదు, బాట. ఫాల్గుణ మాసమున కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర జరుగునప్పుడు, సరస్సు నడుమనున్న ఆ లంక నాలుగు దిక్కులవారికిని చేరువ యగుచున్నది.

“తమ్మిలేరు ఏలూరు చేరువలో రెండు పాయలై, పట్టణమునకు ఇరుప్రక్కల పారి కొల్లేరు చేరును గదా! రెండువైపుల నీరుగలది ద్వీపమైనచో, మన ఏలూరు మాట యేమిరా?”

“మనదీ లంకేనండీ!” అని తరగతి యంతయు ఒక్కసారిగా నవ్వెను. ఈ మారు లంక బాలుడు కూడ నవ్వెను.

చివరకు నిన్నటి వాక్యమును తెలుగు చేయుమని పంతులుగారు వానినే అడిగిరి. వాడు బల్లచెంతకు వచ్చి, ‘వరదల కాలమున ఆ గ్రామమునకు దారి మునిగిపోవును’ అని గుండ్రని యక్షరములతో వ్రాసెను. ఆంగ్ల పదమునకు సమానమైన పదమేది యని ఎవరును అడుగలేదు. జరిగిన సంగతి అందులో నున్నది.

కొన్ని దినములకు నీరు తీసెను. రోడ్డు బయటపడిన తరువాతి ఆదివారము ఆ బాలుడు ఇంటికి పోయెను. వాడు ఒంటరిగా పోలేదు. సోమవారమునాడు పంతులుగారు వ్యాసపుస్తకములు దిద్దుచుండగా, ముందువరుసలోని చుఱుకైన విద్యార్థి పుస్తకమున ఈ వాక్యములు కనబడెను: ‘నిన్న నేను నా మిత్రుని లంకకు పోయితిని. గట్టుమీది పాకను చూచితిని. అన్నము పెట్టిన అవ్వ నాకును చేపల పులుసు వడ్డించెను. ఆ ఊరు మనకు సమీపము.’

పంతులుగారు ఎఱ్ఱసిరా కలమును చేతబట్టుకొని ఆ వాక్యములను రెండుమారులు చదివిరి. దిద్దవలసినదేమియు కానరాక, అడుగున సంతకము చేసి పుటను త్రిప్పిరి.